నాలుగున్నర మీటర్ల కొండ

కార్డిఫ్,
14 జనవరి 2018

నిర్మలా,

నేను బాగున్నాను, నువ్వూ బాగానే ఉండి ఉంటావు. ఈ రెండు మాటలూ అబద్ధాలే కాబట్టి ముందే రాసేస్తే ఒక పని అయిపోతుంది.

ఇవాళ ఆదివారం. సలోమికి వార్డులో డ్యూటీ. నా కూతురి రోటాలో, అంటే డ్యూటీల పట్టికలో, ఆదివారానికీ బుధవారానికీ తేడా ఉండదు. పిల్లలిద్దరినీ చర్చికి తీసుకెళ్ళి, తీసుకొచ్చి, యూనిఫారాలు ఇస్త్రీ చేసి, కూర్చుందామనుకునేసరికి రోషన్ బూటు ఒకటి కనబడలేదన్నాడు. ఏంజెలినాని "అన్నం తిన్నావా?" అంటే "నాట్ హంగ్రీ, గ్రాన్" అంటుంది. ముప్పై ఏళ్ళపాటు అరవై మంది ఆడపిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టినదాన్ని. ఇక్కడ ఎనిమిదేళ్ళ పిల్ల ముందు ప్యూను ఉద్యోగం చేస్తున్నాను. ప్యూనుకైనా సాయంత్రం అయిదుకి గంట కొడతారు.

సరే, అసలు సంగతి. లైబ్రరీలో ఒక టూరు కంపెనీ పుస్తకం దొరికింది. లండన్ నుంచి ఒసాకాకి పది రోజులు. గైడు, బస్సు, హోటలు అన్నీ వాళ్ళవే. ఏప్రిల్లో ఒకటి, నవంబరులో ఒకటి. నాకు ఆ పేజీ చూడగానే నీ గొంతు వినబడింది: "జపాన్ దేశపు మాంచెస్టర్ ఏది? చెప్పండి అమ్మాయిలూ." పక్క గదిలో నేను, గోడకి ఇటువైపు, అదే ప్రశ్న. ఒక్క స్కూల్లో ఇద్దరు సోషల్ టీచర్లం, ముప్పై మూడేళ్ళు "ఒసాకా" అని బోర్డు మీద రాశాం. ఇద్దరిలో ఒక్కరమూ చూసిన పాపాన పోలేదు.

అసలు మాంచెస్టర్ని చూశాం కదా అంటావు. చూశాం. నువ్వు గ్లాస్గో నుంచి, నేను కార్డిఫ్ నుంచి వచ్చి, కోచ్ స్టేషన్లో తడిసిన సమోసాలు తిని, వాన తగ్గక ఎవరి బస్సు వాళ్ళం ఎక్కేశాం. ఇక మిగిలింది జపాన్ మాంచెస్టరే.

నాకు అలసటగా ఉంది నిర్మలా. నిద్రపోతే తీరే అలసట కాదు. ఎవరి బూట్లూ వెతకనక్కర్లేని పది రోజులు కావాలి. ఏప్రిల్లో వెళ్దామా? కోట, దాని కందకం, తాబేళ్ళ గుడి, విల్లులా వంగిన వంతెన, నీళ్ళలో దీపాలు కనిపించే కాలువ బజారు, చేపల అద్దాల మేడ. ఇవి నా లిస్టు. నీది పంపు.

ఆశీస్సులతో,
శాంతక్క


గ్లాస్గో,
2 ఫిబ్రవరి 2018

శాంతక్కా,

నీ ఉత్తరం చదివి పుష్పలీల, "ఏంటమ్మా, ఒక్కదానివే నవ్వుతున్నావు?" అంది. నా కూతురికి నేను నవ్వితే అనుమానం. జీపీ డాక్టరుకి చెప్పమంటుందేమోనని ఆపేశాను.

నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. ఈ ఫ్లాట్ మూడో అంతస్తు, లిఫ్టు లేదు. వారానికి రెండుసార్లు దిగుతాను, ఎక్కేటప్పుడు ప్రతి మలుపులో ఒకసారి నిలబడతాను. అయినా ఒసాకా అంటే వస్తాను. నా లిస్టులో ఒక్కటే ఉంది, నువ్వు మరిచిపోయావు.

తెంపోజాన్! గుర్తుందా? పాత అట్లాసు వెనక పేజీలో చిన్న అక్షరాలు. ఒసాకా రేవు పక్కన కొండ, ఎత్తు నాలుగు మీటర్ల యాభై మూడు సెంటీమీటర్లు. జపాన్‌లోకెల్లా చిన్న కొండ. "హిమాలయాలు ఎక్కలేకపోయినా రిటైరయ్యాక దీన్ని ఎక్కుదామే" అన్నావు స్టాఫ్ రూములో. నేను సరేనన్నాను. అదే ఇప్పుడూ అంటున్నాను. నా మోకాళ్ళకి సరిపడే కొండ ప్రపంచంలో అదొక్కటే.

నా పెద్ద మనవరాలు, పుష్పలీల అక్క కూతురు కావ్యశ్రీ కిందటేడు గుంటూరు నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి మా దగ్గరే ఉంటోంది. ఆ పిల్లతో లిస్టు పెద్ద అక్షరాల్లో రాయించి, గోడ మీద హెడ్మాస్టరు గారి ఫోటో కింద అంటించాను. మీ నాన్నగారు చూస్తూ ఉంటారు. ఆయన చూస్తూ ఉంటే నేను ఏ పనీ సగంలో వదిలిపెట్టలేదు.

నమస్కారాలతో,
నిర్మల


కార్డిఫ్,
5 మార్చి 2018

నిర్మలా,

తిట్టుకోకుండా చదువు.

ఏప్రిల్ కుదరదు. ఈస్టర్ సెలవులు సరిగ్గా ఆ పది రోజుల్లోనే పడ్డాయి. "పిల్లల్ని ఎవరు చూస్తారమ్మా?" అని అడిగింది సలోమి. గట్టిగా అడిగితే గట్టిగా జవాబు చెప్పేదాన్ని. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి, కోటు విప్పకుండా, వంటింట్లో నిలబడే అన్నం తింటూ అడిగింది. దాని వేళ్ళు చేతులు కడిగీ కడిగీ పగిలిపోయి ఉన్నాయి. మా ఆయన రత్నబాబు ఉండి ఉంటే కూతురికీ నాకూ మధ్య ఏదో ఒక చెత్త సలహా ఇచ్చేవారు, ఇద్దరం కలిసి ఆయన్ని తిట్టుకునేవాళ్ళం. ఆయన పోయాక తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేరు.

నోరున్నదాన్నని పేరే గానీ, ఆ పిల్ల ప్లేట్లో ఇంకో గరిటె కూర వేశాను. సరే అన్నాను.

నవంబరు టూరుకి మార్చించాను, ఇద్దరి పేర్లూ. చలి ముదరదు, జనం తక్కువ, ఆకులు ఎర్రబడతాయట. కొండ ఎక్కడికీ పోదు. ఆ సైజు కొండని ఎవరైనా ఎత్తుకుపోతే తప్ప.

శాంతక్క


గ్లాస్గో,
20 మార్చి 2018

శాంతక్కా,

సరే. నవంబరే.

నీకు పిల్లలు అడ్డం, నాకు మెట్లు అడ్డం. ఎవరి మీదా కోపం లేదు. నాకు ఈ మధ్య దేనికైనా "సరే" అనడం అలవాటయిపోయింది, తర్వాత ఏం ఒప్పుకున్నానో గుర్తుండదు. ఇది మాత్రం గుర్తుంది. లిస్టు గోడ మీదే ఉంది.

నిర్మల


గ్లాస్గో,
12 ఆగస్టు 2018

శాంతక్కా,

టూరు కంపెనీ వాళ్ళు నా ఫారం వెనక్కి పంపారు. ప్రయాణం నాటికి డెబ్భై అయిదు నిండినవాళ్ళని తీసుకోరట. అది వాళ్ళ ఇన్సూరెన్సు నియమం. చాలా మర్యాదగా రాశారు, చివర "మీ ప్రయాణాలు ఆనందంగా సాగాలి" అని కూడా.

నాకు డెబ్భై అయిదేమిటని నవ్వాను. తర్వాత పాస్‌పోర్టు తీసి చూసుకున్నాను. 1 జులై 1943. కిందటి నెల ఒకటో తేదీకి నిండిపోయాయి, ఇంట్లో ఎవరికీ తెలియకుండానే. నాకే తెలియలేదు. అసలు పుట్టింది నలభై అయిదు ఆగస్టులో, వరలక్ష్మీ వ్రతం మర్నాడని అమ్మ చెప్పేది. ఈ నెలకి నాకు డెబ్భై మూడు. కానీ స్కూలు రిజిస్టరు నుంచి ఎస్సెల్సీ పుస్తకంలోకి, దాంట్లోంచి సర్వీసు పుస్తకంలోకి, దాంట్లోంచి పాస్‌పోర్టులోకి ఆ తేదీయే నడిచి వచ్చింది. దేశం మారినా మారలేదు. పుష్పలీల ఫోన్ చేసి చెప్పబోతే అవతలి పిల్ల, "మేడమ్, ఆవిడ పుట్టినరోజు ఆవిడ పాస్‌పోర్టులో ఉన్నదే కదా" అందట. ఏమంటాం?

ఏప్రిల్ అయి ఉంటే సరిపోయేదని కావ్యశ్రీ అంది. అననివ్వు. చిన్నపిల్ల.

అక్కా, మీ నాన్నగారి మీద మాత్రం ఒక్క మాట పడనివ్వను. ఆ రోజు ఆయన దయతలచి రెండేళ్ళు కలిపి రాయకపోతే నాకు పరీక్ష లేదు. ఉప్పు మళ్ళలో పని చేసేవాడి కూతురిని, ఆ ఎండాకాలానికే మేనమామకి ఇచ్చి చేసేవాళ్ళు. ఆయన కలంతో పెట్టిన రెండేళ్ళు నన్ను టీచర్ని చేశాయి. ఇప్పుడు అవే రెండేళ్ళు ఒక్క కొండ తీసుకున్నాయి. పోనీ. ఇన్నాళ్ళూ టీచర్స్ డేకి ఆయన ఫోటోకి దండ వేస్తున్నాను, ఈసారీ వేస్తాను.

గైడు లేకుండా మనిద్దరం వెళ్ళలేం, భాష రాదు. నువ్వు వెళ్ళిరా.

నిర్మల


కార్డిఫ్,
27 ఆగస్టు 2018

నిర్మలా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులయింది. దండ వేస్తానన్న మాట దగ్గర ఆగిపోయాను. వేయకు. లేదా ఇది చదివాక వెయ్యి, నీ ఇష్టం.

మా నాన్న మంచివాడే. కానీ ఆ రోజు ఆయన రాసింది నీ కోసం కాదు, నా కోసం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, రాయించింది నేను.

పందొమ్మిది వందల యాభై ఎనిమిది చివర. పరీక్షకి పేర్లు పంపాలి. సెంటరు రేపల్లె, పన్నెండు రోజులు అక్కడే గది తీసుకుని ఉండాలి. క్లాసులో ఆడపిల్లలం ఇద్దరమే. నువ్వు డబుల్ ప్రమోషన్ పిల్లవి, నీకు వయసు చాలదు. నాన్న నాతో, "నిన్నొక్కదాన్నే పంపను. ఆ పిల్ల తోడొస్తే వెళ్ళు, లేకపోతే వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. ఆ రోజుల్లో ఆడపిల్లకి వచ్చే ఏడు అంటే ఏమిటో నీకు తెలుసు. "అయితే నిర్మల వయసు మార్చండి నాన్నా" అన్నాను. ఆయన రిజిస్టరు తెరిచారు. తర్వాత కలం సిరాలో ముంచి, "ఎంత కలపాలే?" అన్నారు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టి "రెండేళ్ళు" అన్నాను. రాసేశారు.

నాకు తోడు కావాలి. అంతే. నిన్ను ఉప్పు మళ్ళలోంచి లేవదీయాలని ఆ గదిలో ఎవరూ అనుకోలేదు.

ఇంకోటి ఉంది. దీన్ని రాయడానికే పది రోజులు పట్టింది. లెక్క తప్పు. పరీక్ష మార్చిలో కాబట్టి మార్చికి పదిహేనేళ్ళు నిండాలనుకున్నాను. ఆ ఏడు జులైకి నిండితే చాలని రూలు. ఒక్క ఏడాది కలిపితే సరిపోయేది. 1944 అని రాయాల్సింది నేను 1943 అని రాయించాను. నువ్వు రిటైరైనప్పుడు నీ కాగితాలు సర్దింది నేనే కదా, అప్పుడు పాత రూళ్ళ పుస్తకం తిరగేస్తే కనబడింది. అది రెండువేల ఒకటి, జూన్. ఆగస్టులో పెద్ద టీచరమ్మ బదిలీ అయి హెడ్మిస్ట్రెస్ కుర్చీ ఖాళీ అయింది. సీనియారిటీ నీది, నాకన్నా ఏడాది ముందు ఉద్యోగంలో చేరావు. 1944 అని ఉంటే నువ్వింకా సర్వీసులోనే ఉండేదానివి. నువ్వు ఇంట్లో ఉన్నావు కాబట్టి ఆరు నెలలు ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. నువ్వు మల్లెపూలు పట్టుకుని వచ్చి అభినందించావు. నేను తీసుకున్నాను.

1944 అని ఉంటే ఈ నవంబరుకి కూడా నీకు డెబ్భై నాలుగే.

ఏప్రిల్ మాట కావ్యశ్రీ సరిగ్గానే అంది. చిన్నపిల్ల కాదు.

నేను టూరు మానేస్తున్నాను. నువ్వు లేకుండా నాకేం పని అక్కడ?

శాంత


గ్లాస్గో,
30 సెప్టెంబరు 2018

శాంతక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా నీ లెక్కలు, నీ తేదీలు, అంతా బోర్డు మీద రాసినట్టే ఉంది. ఒక్క చోట కూడా ఏడవలేదు. నువ్వు ఏడ్చి ఉంటే నాకు తేలికయ్యేది, వెంటనే "పోనీలే అక్కా" అనేసేదాన్ని.

కుర్చీ గురించి నాకు కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. కాగితం మీద యాభై ఎనిమిదైనా, అసలు యాభై అయిదేళ్ళకే శాలువా కప్పి ఇంటికి పంపారు. "ఇంత చిన్నగా కనిపిస్తున్నారు, అప్పుడే రిటైరయ్యారా టీచరుగారూ?" అని బజార్లో అడిగేవాళ్ళు. మధ్యాహ్నం పూట స్కూలు గంట మా ఇంటిదాకా వినబడేది. గంట మోగినప్పుడల్లా నేను లేచి నిలబడేదాన్ని. మా ఆయన చూసి జాలిపడేవారు. అదీ నా రిటైర్మెంటు.

హెడ్మాస్టరు గారి ఫోటో తీసేశాను. గోడ మీద ఆ మేర తెల్లటి మచ్చ కనబడింది. మచ్చని చూస్తూ రెండు రోజులు గడిపి, మళ్ళీ పెట్టాను. దండ వేయలేదు.

ఇక టూరు మాట. మానేయడానికి వీల్లేదు. నన్ను తోడు తీసుకెళ్ళడానికి నా వయసు మార్చావు కదా, ఈసారి తోడు లేకుండా వెళ్ళు. లిస్టులో ఉన్నవన్నీ చూడు. చూసినవన్నీ నాకు రాయి. "చూశాను, బాగుంది" అంటే ఒప్పుకోను. ఎత్తులు, పొడవులు, ఎన్ని మెట్లు, ఏది నిజం, ఏది కాదు. అది నీకు హోంవర్కు.

తుఫానుకి అక్కడి విమానాశ్రయం నీళ్ళలో మునిగిందని టీవీలో చూశాను. మళ్ళీ తెరిచారట. ఆ సాకు కూడా చెప్పకు.

నిర్మల


ఒసాకా,
8 నవంబరు 2018

నిర్మలా,

హోంవర్కు మొదటి భాగం.

బస్సులో నా పక్క సీటు ఖాళీ. మార్చి నెలలో రాసుకున్న లిస్టే వాడినట్టున్నారు, సీటు మీద నీ పేరు చీటీ అంటించి ఉంది. దాని మీద నా గొడుగు పెట్టాను. వెనక సీట్లో బ్రిస్టల్ నుంచి వచ్చిన ఒక ముసలాయన, "మీ ఫ్రెండుకి ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. "బాగానే ఉంది, వయసు ఎక్కువైందని రానివ్వలేదు" అన్నాను. "మీకన్నా పెద్దవారా?" అన్నాడు. "చిన్నది" అన్నాను. అతను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

కోట. కందకం గోడల్లో రాళ్ళు నిజంగా పెద్దవి, ఒక్కొక్కటి మన స్టాఫ్ రూమంత. బయటి నుంచి చూస్తే తెలుపూ ఆకుపచ్చా, పైన బంగారు రంగు చేపలు, దణ్ణం పెట్టేలా ఉంది. లోపలికి వెళ్తే సిమెంటు, లిఫ్టు! పాత కోట ఎప్పుడో కాలిపోయిందట, ఇది తొంభై ఏళ్ళ కిందట కట్టిందట. కొండవీడు ఎక్స్‌కర్షన్‌కి నీ మోకాళ్ళు బాగున్న రోజుల్లో పిల్లల్ని మోసుకుంటూ ఎక్కావే, ఇక్కడైతే బటన్ నొక్కితే చాలు. ఎనిమిది అంతస్తులు. ఏది నిజమని అడిగావు కదా: రాళ్ళు నిజం, కోట రికార్డు ప్రకారం.

ఆకాశంలో తోట అని ఒక మేడ చూపించారు, నూట డెబ్భై మూడు మీటర్లు. పైన తోట లేదు. గాలి ఉంది.

గుడిలో చెరువు నిండా తాబేళ్ళు. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఎండ కాచుకుంటున్నాయి. కింద ఉన్నదాన్ని చూస్తే మా వంటింట్లో నేను గుర్తొచ్చాను.

వంతెన ఎర్రగా, నిటారుగా, విల్లులా వంగి ఉంది. దాటితే మనిషి పాపం కడిగినట్టు పోతుందని వాళ్ళ నమ్మకం. నేను చర్చికి వెళ్ళేదాన్ని, మనకెందుకు అనుకుంటూనే దాటాను. మళ్ళీ వెనక్కి దాటాను, చాలలేదేమోనని. మోకాళ్ళు పోయాయి. పాపం సంగతి తెలియలేదు.

కాలువ బజార్లో ఒక బండి దగ్గర ఆగిపోయాను. అచ్చం మన గుంట పునుగుల పెనం! అవే గుంటలు, అదే పుల్లతో తిప్పడం. నోరూరి ఒకటి వేసుకుంటే లోపల ఆక్టోపస్ ముక్క. ఉమ్మేయడానికి చోటు లేక మింగేశాను. రెండోది ఇష్టంగానే తిన్నాను, ఈ మాట ఎవరికీ చెప్పకు.

చివరికి గైడు పిల్లని అడిగాను: "బట్టల మిల్లులు ఎక్కడమ్మా?" "ఏ మిల్లులు?" అంది. "ఇది జపాన్ మాంచెస్టర్ కదా?" అన్నాను. ఆ పిల్ల ఫోనులో వెతికి, వంగి క్షమాపణ చెప్పి, "అది మా ముత్తాతల కాలం మాటండీ" అంది. బస్సులో కూర్చుని ఆలోచించాను. మనం బోర్డు మీద రాసేనాటికే అది పాత మాట. ముప్పై మూడేళ్ళు, ఏడాదికి అరవై మంది. ఒక్క పిల్లకి కూడా నిజం చెప్పలేదు మనం. పుస్తకంలో ఉన్నదే చెప్పాం.

నాకు ఈ ఊళ్ళో చాలా అలసటగా ఉంది. చూసిన ప్రతిదాన్నీ పక్కకి తిరిగి ఎవరికో చెప్పబోయి, గొడుగుని చూసి ఊరుకోవడం వల్ల వచ్చిన అలసట ఇది.

శాంత


ఒసాకా,
12 నవంబరు 2018

నిర్మలా,

ఇవాళ రేవు వైపు వెళ్ళాం. చేపల అద్దాల మేడ ముందు. పైన మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ కిందికి దిగుతాం, మధ్యలో మూడంతస్తుల నీళ్ళు. మచ్చల సొర ఒకటి, బస్సంత ఉంది, అద్దం పక్కనే నెమ్మదిగా తిరుగుతోంది. తిరిగిన దారిలోనే మళ్ళీ మళ్ళీ. దాని కన్ను చాలా చిన్నది. కంటికి కన్ను పెట్టి ఇద్దరం కాసేపు ఒకరినొకరు చూసుకున్నాం. దానికీ ఈస్టర్ సెలవులు ఉండవు.

తర్వాత తెంపోజాన్. గైడు పిల్లకి దాని మీద ఆసక్తి లేదు, పక్కనే ఉన్న పెద్ద రంగులరాట్నం ఎక్కించాలని దాని ఆశ. నేను పార్కులోకి నడిచాను. కొండ ఏదని వెతుక్కోవాలి. చెట్లు, బెంచీలు, కుక్కల్ని తిప్పుకునే ముసలాళ్ళు. ఒక బోర్డు, దాని పక్కనుంచి కాసిని మెట్లు. ఎత్తు నువ్వు చెప్పిందే: నాలుగు మీటర్ల యాభై మూడు. కానీ ఇది ఇప్పుడు జపాన్‌లోకెల్లా చిన్న కొండ కాదట. సునామీ తర్వాత సెందాయ్ దగ్గర ఒక కొండ మూడు మీటర్లకి కుంగిపోయి ఈ పదవి తీసుకుందట. కొత్త లిస్టులో ఇది రెండోది. ఏ తప్పూ చేయకుండా పదవి పోయింది. బోర్డు ముందు నిలబడి నీ గురించి ఆలోచించాను.

నేను ఎక్కలేదు.

మోకాళ్ళ వల్ల కాదు. అయిదేళ్ళ పిల్ల ఒకతి పరిగెత్తుకుంటూ పైకెళ్ళి దిగొచ్చింది, నేనూ ఎక్కగలను. మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. రేపల్లెలో ఆ పన్నెండు రోజులూ నువ్వు నాకన్నా ముందు లేచి, పొయ్యి వెలిగించి, నాకు నీళ్ళు కాచేదానివి. నీకు పదమూడేళ్ళు. నాకు తోడుగా తీసుకెళ్ళింది పిల్లని అని నాకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడు, డెబ్భై నాలుగేళ్ళు వచ్చాక, ఈ బోడి మెట్టు దగ్గర తట్టింది. కాలు వెనక్కి తీసుకున్నాను. బెంచీ మీద కూర్చున్నాను. ఏడవలేదని రాశావు కదా. ఇప్పుడు ఆ కొరత కూడా లేదు. కుక్కతో వచ్చిన ఒక ముసలావిడ నాకు కాగితం రుమాలు ఇచ్చి వెళ్ళిపోయింది.

హోంవర్కులో ఈ ఒక్క ప్రశ్నకీ జవాబు రాయలేదు. సున్నా వేసుకో.

శాంత


గ్లాస్గో,
20 జనవరి 2019

శాంతక్కా,

రెండు ఉత్తరాలూ అందాయి. జవాబు ఆలస్యమైంది. కోపం తగ్గితే రాద్దామని చూశాను. తగ్గలేదు, పాతబడింది. పాతబడ్డ కోపంతో మాట్లాడటం నాకు వచ్చు.

నువ్వు కొండ ఎక్కకపోవడం నాకు నచ్చలేదు. చెప్పిన పని చేయలేదు. నచ్చింది కూడా.

ఉత్తరాలు కావ్యశ్రీ చేత చదివించుకున్నాను, నీ అక్షరాలు బస్సులో రాసినట్టున్నాయి. చదువుతూ మధ్యలో ఆపి, "అమ్మమ్మా, ఒక్క మాట అడుగుతా. వయసు లిమిట్ టూరోళ్ళకి గానీ ఫ్లైట్‌కి ఉండదు కదా?" అంది. "అయితే?" అన్నాను. "ఎనభై దాకా ఇన్సూరెన్సు ఇచ్చేవాళ్ళున్నారు. నేను తీసుకెళ్తా. భాషకి ఫోనుంది. మీరిద్దరూ నా చెయ్యి పట్టుకుని నడవండి, చాలు" అంది. ఇంత చిన్న సంగతి నీకూ నాకూ తోచలేదు చూడు. ఎవరైనా ఫారం వెనక్కి పంపితే తలుపు మూసేశారనుకునే తరం మనది. తర్వాత ఆ పిల్ల లిస్టు చూసి, "ఇంత పెద్ద ఊరెళ్ళి నాలుగు మీటర్ల గుట్ట ఎక్కుతారా? సినిమా పార్కు ఉంది, అది చూడరా?" అంది. చూద్దాంలే అన్నాను.

ఏప్రిల్ పదిహేను నుంచి పది రోజులు. అవును, ఈస్టర్ సెలవులే. కావ్యశ్రీకి కుదిరేది అప్పుడే. నువ్వు వస్తానంటే మూడు టికెట్లు, లేదంటే రెండు. ఈసారి నేను వాయిదా వేయను. నువ్వు రాకపోయినా వెళ్తాను.

వచ్చేటట్టయితే ఒక షరతు. అరవై ఏళ్ళుగా నిన్ను అక్కా అంటున్నాను. ఏ కాగితం చూసినా నేను నీకన్నా ఏడు నెలలు పెద్దదాన్ని. మీ నాన్నగారి కలం, నీ లెక్క. ఆ పెద్దరికం వల్ల పోయినవన్నీ పోయాయి, దానితో వచ్చే మర్యాద మాత్రం ఒక్కరోజూ రాలేదు. ఇకమీద రికార్డు ప్రకారం నడుద్దాం. నేను నిన్ను అక్కా అనడం ఇదే ఆఖరు.

క్షమించానని రాయడం లేదు. నాలుగున్నర మీటర్లు ఎక్కేలోపు అవుతుందో లేదో చూద్దాం.

నిర్మలాదేవి


కార్డిఫ్,
17 ఫిబ్రవరి 2019

నిర్మలక్కకి నమస్కారాలు.

ఈ మొదటి వాక్యానికి మూడు కాగితాలు పాడయ్యాయి. చెయ్యి అలవాటు కొద్దీ "నిర్మలా" అని రాసేస్తోంది. నాలుగోది తప్పు లేకుండా వచ్చింది.

కిందటి వారం నాకు డెబ్భై అయిదు నిండాయి. ఇక ఆ టూరు కంపెనీకి నేనూ పనికిరాను. పిల్లలు కేకు కోయించారు. సలోమి డ్యూటీ నుంచి వచ్చి, కోటు విప్పకుండానే ఒక ముక్క తింటోంది. అదే వంటిల్లు, అదే చోటు.

"ఈస్టర్ సెలవులకి నేనుండను" అన్నాను.

"అదేంటమ్మా! పిల్లల్ని ఎవరు చూస్తారు?"

"నీ రోటా రాసేవాళ్ళని అడుగు. నా రోటా నేను రాసేసుకున్నాను."

అది చేతిలో కేకు ముక్క ప్లేట్లో పెట్టేసింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది, ఎన్నాళ్ళకో. "మళ్ళీ అదే ఊరా? మొన్నేగా చూసొచ్చావు. ఏం మిగిలింది అక్కడ?" అంది. మా అక్క మిగిలిందన్నాను. నీకు అక్క ఎక్కడిదని అడిగితే, కూర్చోబెట్టి మొత్తం చెప్పాను, లెక్క తప్పుతో సహా. విని, చేతికి క్రీము రాసుకుంటూ, సెలవు అడిగి చూస్తానంది. దొరుకుతుందో లేదో తెలియదు. దొరక్కపోయినా వస్తాను.

మూడు టికెట్లు తీయమను. బస్సులో కిటికీ సీటు నీది. గుంట పునుగులు నేను కొనిపెడతాను, లోపల ఏముందో మింగాక చెప్తాను. వంతెన నువ్వు దాటనక్కర్లేదు, అక్కడ కడుక్కోవాల్సింది నీ దగ్గర ఏమీ లేదు.

కొండ దగ్గర మాత్రం ముందు నువ్వు ఎక్కు. ప్రతి మెట్టు మీదా నిలబడు, తొందర లేదు. నీ వెనక, ఒక మెట్టు కింద నేను ఉంటాను.

ఇట్లు,
నీ చెల్లెలు
శాంత